ఇళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం: ఒప్పుకునే ముందు ఏం చూడాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. అమెరికాలో ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్‌లో ఎం.ఎస్. పూర్తిచేసి ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసేందుకు ఇచ్చే అనుమతి) మీద ఉన్నాను. అలబామా ఉత్తర భాగంలో ఒక మాన్యుఫాక్చర్డ్ హోమ్స్ కంపెనీ ప్రాసెస్ ఇంజనీరు ఉద్యోగం ఇస్తామంటోంది. వచ్చే వారం ప్లాంటు చూడటానికి రమ్మన్నారు. స్నేహితులు "ట్రైలర్ ఇళ్ల కంపెనీలో ఏం నేర్చుకుంటావ్, ఐటీలోకి వచ్చెయ్" అంటున్నారు. నాన్నగారేమో "మేకులు కొట్టే పనికా ఇంత అప్పుచేసి పంపింది" అంటున్నారు. అక్కడ పని నిజంగా ఎలా ఉంటుంది? వీసాకు పనికొస్తుందా? చేరమంటారా?

జవాబు: చేరవచ్చు, రెండు షరతుల మీద. మీకిచ్చే పని నిజంగా ఇంజనీరుదై ఉండాలి, సూపర్‌వైజరు పనికి తగిలించిన పెద్ద పేరు కాకూడదు. క్వాలిటీ వాళ్లు "ఆగు" అంటే ఆ ప్లాంటులో లైను ఆగాలి. ఈ రెండు విషయాలూ ఆఫర్ లెటర్‌లో కనపడవు. వచ్చే వారం మీరే వెళ్లి చూసి తేల్చుకోవాలి.

ముందు మీ స్నేహితుల మాట సంగతి చూద్దాం. 1976 జూన్ 15 నుంచి ఇలా ఫ్యాక్టరీలో తయారై, ఉక్కు ఛాసిస్ మీద రోడ్డెక్కే ఇళ్లన్నింటికీ అమెరికా ఫెడరల్ గృహనిర్మాణ శాఖ 'హడ్' పెట్టిన ఒకే కోడ్ వర్తిస్తుంది. ప్రతి డిజైన్‌నీ డాపియా అనే ఏజెన్సీ ముందే ఆమోదించాలి. ఐపియా అనే ఏజెన్సీ తరఫు ఇన్‌స్పెక్టరు ప్లాంటుకే వచ్చి, ప్రతి ఇంటినీ తయారీలో కనీసం ఒక దశలో చూడాలి. అప్పుడే ఒక్కో సెక్షన్‌కు వెనకవైపు, టెయిల్ లైట్లు ఉండే కొసన, ఎర్రటి రేకు లేబుల్ పడుతుంది. ఇంటి లోపల ఇంకో కాగితం అంటిస్తారు, డేటా ప్లేట్ అంటారు. ఆ ఇల్లు ఏ గాలి జోన్‌కు, ఎంత మంచు బరువుకు, ఏ వాతావరణానికి కట్టిందో అందులో ఉంటుంది. స్థలంలో కట్టే మామూలు ఇంట్లో గోడ మూసేశాక లోపల ఏముందో మేస్త్రీకే తెలియాలి. ఇక్కడ ప్రతి ఇంటి వెంట ట్రావెలర్ అనే చెక్‌లిస్టు స్టేషన్ నుంచి స్టేషన్‌కు నడుస్తుంది. ఏ దశ ఎవరు చూశారో, ఎవరు సంతకం పెట్టారో అందులో నమోదవుతుంది. ఇండస్ట్రియల్ ఇంజనీరింగ్ చదివినవాళ్లకు పనికిరాని చోటు కాదిది. అసలు ఈ చదువు పుట్టిందే ఇలాంటి లైన్ల కోసం.

ఇక పని ఎలా సాగుతుందో చూడండి. వెల్డింగ్ చేసిన ఐ-బీమ్ ఫ్రేమ్ మొదటి స్టేషన్‌కు వస్తుంది. ఇంటి బరువు పడ్డాక సమంగా కూర్చునేలా దాన్ని ముందే కాస్త పైకి వంచి చేస్తారు. దానిమీద నేల చట్రం, కింద బాటమ్ బోర్డు, మధ్యలో ఇన్సులేషన్, గాలి డక్టు, నీళ్ల పైపులు, పైన ఓఎస్‌బీ (చెక్కపేళ్లు అతికి చేసిన) పలక. గోడలను పక్కన బల్లలమీద పడుకోబెట్టి, లోపలివైపు జిప్సం బోర్డు ముందే అంటించి, హాయిస్ట్‌తో లేపి నిలబెడతారు. అంటే ఇల్లు లోపల్నుంచి బయటికి తయారవుతుంది. స్థలంలో కట్టే ఇంటికి ఇది సరిగ్గా తలకిందులు. పైకప్పు ఇంకో జిగ్ (ముక్కలను కొలత తప్పకుండా పట్టి ఉంచే అచ్చు బల్ల) మీద తయారవుతుంది: ట్రస్సులు (పైకప్పును మోసే త్రికోణపు చట్రాలు), వాటికి ఫోమ్ జిగురుతో అంటించిన సీలింగ్ బోర్డు. దాన్ని క్రేన్‌తో ఎత్తి గోడలమీద దించుతారు. తర్వాత అటక ఇన్సులేషన్, షింగిల్స్, బయటి సైడింగ్, కిటికీలు, కప్‌బోర్డులు, టెస్టులు, ప్లాస్టిక్ చుట్టడం, ట్రక్కు.

ఇక్కడ లెక్క ఇళ్లలో ఉండదు, 'ఫ్లోర్ల'లో ఉంటుంది. ఒకే ముక్కగా వెళ్లే ఇల్లు, సింగిల్ వైడ్, ఒక ఫ్లోరు. రెండు సగాలుగా వెళ్లి స్థలంలో కలిసేది, డబుల్ వైడ్, రెండు. ఒక ఉదాహరణ వేసి చూడండి. ఉదయం 6 నుంచి మధ్యాహ్నం 2:30 దాకా షిఫ్టు, అరగంట భోజనం, రెండు పది నిమిషాల విరామాలు. చేతిలో మిగిలేది 460 నిమిషాలు. రోజుకు 8 ఫ్లోర్లు కావాలంటే 57 నిమిషాలకోసారి లైను కదలాలి. పెద్ద వంటగది, రెండు బాత్‌రూములు ఉన్న ఫ్లోరుకు కప్‌బోర్డుల స్టేషన్‌లో గంటన్నర పడుతుంది. పక్కనే వచ్చే బెడ్‌రూముల ఫ్లోరుకు అదే స్టేషన్‌లో అరగంట పని కూడా ఉండదు. ఆర్డర్లు వచ్చిన వరసలోనే ఇళ్లను లైనెక్కిస్తే రెండు బరువైన ఫ్లోర్లు వెంటవెంటనే పడతాయి, పని మిగిలిపోతుంది. అయినా లైను కదులుతుంది. ముందు స్టేషన్ వాళ్లు పనిముట్లు పట్టుకుని ఆ ఇంటి వెంటే తర్వాతి స్టేషన్‌లోకి వెళ్తారు. ఒక గదిలో నలుగురు పట్టేచోట ఎనిమిది మంది చేరతారు. ఎవరు ఏది పూర్తిచేశారో ఎవరికీ తెలియదు. ట్రావెలర్ మీద సంతకాలు మాత్రం వరసగా పడిపోతాయి. లోపాల్లో ఎక్కువ భాగం పుట్టేది ఇక్కడే, పనివాళ్ల చేతకానితనం వల్ల కాదు. బరువైన ఫ్లోర్ల మధ్య తేలికవి వచ్చేలా వరస మార్చడం, కప్‌బోర్డులను పక్కన ముందే బిగించి ఉంచడం, జిగ్‌లు సరిచేయడం, ఇవే మీ మొదటి ఏడాది పనులు.

టెస్టులు మీకు నోటికి రావాలి. నీళ్ల పైపులను 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి దగ్గర 15 నిమిషాలు పట్టి ఉంచాలి, గేజీ ముల్లు దిగకూడదు. స్టవ్వూ హీటరూ తగిలించక ముందు గ్యాస్ పైపులకు 3 పీఎస్‌ఐ, 10 నిమిషాలు. కరెంటు వైరింగుకు 900 వోల్టులు ఒక నిమిషం, లేదా 1080 వోల్టులు ఒక సెకను. ఈ చివరి టెస్టు లైట్లూ ఉపకరణాలూ బిగించాక చేస్తారు. గోడలో ఎక్కడో ఒక స్టేపుల్ వైరులోకి దిగి ఉంటే అప్పుడు బయటపడుతుంది. అప్పటికి ఆ గోడకు రెండు వైపులా బోర్డు పడి, కప్‌బోర్డు బిగించి, బయట సైడింగ్ కూడా అయిపోయి ఉంటుంది. మొదట్లో దొరికితే క్షణంలో పోయే తప్పు ఇక్కడ సగం పూట తింటుంది. నేలలో పైపుకు మేకు దిగితే ఇంకా కష్టం, బాటమ్ బోర్డు కోసి కింద పడుకుని అతకాలి. అందుకే మంచి ప్లాంట్లలో అవసరమైన టెస్టు చివర్లో ఎలాగూ చేస్తూనే, నేల మూసేముందు పైపులకు ఇంకోసారి గాలి పట్టి చూస్తారు, వైర్లు పోయేచోట ఉక్కు రక్షణ పలకలు కొడతారు. మీరు వెళ్లేచోట ఇవి లేకపోతే బెంగ పడకండి. మీరు పెట్టగలిగిన మొదటి మార్పు అదే అవుతుంది.

తప్పులు ఇంకా ఎక్కడెక్కడ దొర్లుతాయో తెలిస్తే ప్లాంటు చూసేటప్పుడు కళ్లు సరైనచోట పడతాయి. నేల చట్రానికి రెండు మూలల కొలతలు సమానంగా రావాలి. పావంగుళం తేడా వదిలేసినా, డబుల్ వైడ్ రెండు సగాలు స్థలంలో కలిపేటప్పుడు మధ్య గోడ దగ్గర సందు కనపడుతుంది. కలపలో తేమ 19 శాతం దాటితే అది ఆరేకొద్దీ జిప్సం వెనక మేకులు ఉబ్బి బయటికి పొడుచుకొస్తాయి. ఫోమ్ జిగురుకు వెచ్చదనం, ఆరడానికి సమయం రెండూ కావాలి. జనవరిలో ఉదయం ఆరు గంటలకు, పెద్ద తలుపులు తెరిచిన షెడ్డులో, నిన్నటి వేగంతోనే పైకప్పు ఎత్తేస్తే సీలింగ్ బోర్డు ట్రస్సును వదిలేస్తుంది. ఇవన్నీ రోడ్డుమీద బయటపడతాయి. 60, 70 అడుగుల ఇల్లు వందల మైళ్లు ఊగుతూ వెళ్తుంది కదా.

ఆర్డరు కాగితంలో దొర్లే తప్పు ఇంకా ఖరీదైనది. అలబామా చాలావరకు మొదటి గాలి జోన్‌లో ఉంది. సముద్రం పక్కనున్న మొబైల్, బాల్డ్విన్ కౌంటీలు మాత్రం రెండో జోన్. అక్కడికి వెళ్లే ఇంటికి పట్టీలు, బిగింపులు, గోడల బలం వేరుగా ఉండాలి. ఇల్లు చివరికి ఏ కౌంటీలో నిలబడుతుందో రిటైలరు ఆర్డర్‌లో రాయకపోయినా, తప్పు రాసినా, నిక్షేపంలా తయారైన ఇల్లు కూడా అక్కడ పెట్టడానికి పనికిరాదు. పైకప్పు మంచు బరువు కూడా ఇంతే: దక్షిణానికి చదరపు అడుగుకు 20 పౌండ్లు, మధ్య ప్రాంతానికి 30, ఉత్తరానికి 40.

వాళ్లు వద్దన్నా సరే, చేరిన మొదటి నెలల్లో సర్వీసు విభాగంతో కొన్ని ఇళ్లు చూడటానికి వెళ్లండి. ఫ్యాక్టరీకి వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం స్థలంలోనే ఉంటుంది. ఇంటి చుట్టూ మొదటి 10 అడుగుల్లో అడుగుకు అరంగుళం చొప్పున నేల బయటికి వాలాలి, ఇంటికింద 6 మిల్ (అంగుళంలో వెయ్యో వంతుకు ఆరు రెట్లు) మందం ప్లాస్టిక్ పరవాలి అని ఇన్‌స్టాలేషన్ నిబంధనలు చెబుతాయి. వాలు లేకపోతే నీళ్లు కిందికి చేరి, మట్టి మెత్తబడి, ఇంటిని మోసే దిమ్మెలు కుంగుతాయి. అప్పుడు తలుపులు పట్టేస్తాయి. ఇంటాయన ఫోన్‌చేసి "మీ తలుపులు బాగోలేవు" అంటాడు. సర్వీసు మనిషి వెళ్లి తలుపు చెక్కి వస్తాడు, రెండు నెలలకు మళ్లీ అదే ఫోను. ఒకే వరసలో రెండు మూడు తలుపులు పట్టేస్తుంటే తలుపు ముట్టుకోకూడదు. ముందు వాటర్ లెవెల్ పెట్టి ఇల్లు సమంగా ఉందో లేదో కొలవాలి. రెండు సగాలను కలిపే గాలి డక్టు ఊడి నేలమీద పడి ఉండటం, మధ్య గోడలోని స్తంభాల కింద దిమ్మె పెట్టకపోవడం కూడా తరచూ చూస్తారు. ఫ్యాక్టరీ, రిటైలరు, ఇన్‌స్టాలరు ఒకరిమీద ఒకరు నెట్టుకుంటూ ఉంటే, నలిగేది ఇల్లు కొన్న కుటుంబం. ఈ ఇళ్లు కొనేవాళ్లలో చాలామందికి ఇంకో ఇల్లు కొనే స్తోమత ఉండదు. ఈ పనిలో మనసు పెట్టడానికి నాకు తెలిసి ఇంతకంటే పెద్ద కారణం లేదు.

శరీరానికి కష్టమా అంటే, ఇంజనీరుకు కూడా రోజులో సగం షెడ్డులోనే. వేసవిలో అలబామా షెడ్డులో ఏసీ ఉండదనే అనుకోండి, పెద్ద ఫ్యాన్లే ఆధారం. స్టేపుల్ గన్నులు, రంపాలు, కంప్రెసర్ల మోత. ఎనిమిది గంటల సగటు 85 డెసిబెల్స్ చేరితే కంపెనీ వినికిడి పరీక్షలు పెట్టాలి, చెవులకు రక్షణ ఇవ్వాలి. జిప్సం దుమ్ము, ఫోమ్ జిగురు ఆవిరి, తలమీదుగా పోయే పైకప్పులు. మేకుల గన్నుకు ట్రిగ్గర్ రెండు రకాలు. నొక్కిపట్టి తాకిస్తే చాలు పేలేది ఒకటి. ముందు తాకించి తర్వాత నొక్కితేనే పేలేది ఇంకొకటి. రెండోదే సురక్షితం. పైకప్పు స్టేషన్‌లో చుట్టూ రెయిలింగు గానీ, తాళ్ల రక్షణ గానీ ఉండాలి. లైనులో పనివాళ్లు వచ్చిపోతూ ఉంటారు, చాలాచోట్ల స్పానిష్ మాట్లాడేవాళ్లు ఎక్కువ. వందమాటల స్పానిష్ వస్తే మీ పని సగం తేలికవుతుంది. టైము కొలవడానికి స్టాప్‌వాచీతో వచ్చిన కుర్రాడంటే ఎవరికైనా అనుమానమే. ముందు ఆ స్టేషన్‌లో రెండు రోజులు పనిచేసి, తర్వాత వాచీ తీయండి. కార్మికుల బోనస్ చాలా ప్లాంట్లలో ఫ్లోర్ల లెక్కమీదే ఉంటుంది. మీ మార్పు వాళ్ల జేబుకు ఎలా తగులుతుందో ముందే ఆలోచించుకోండి.

వీసా దగ్గర తొందరపడకండి. స్టెమ్ ఓపీటీకి, అంటే సైన్సు, ఇంజనీరింగ్ వంటి డిగ్రీలవాళ్లకిచ్చే 24 నెలల పొడిగింపుకు, కంపెనీ ఈ-వెరిఫైలో (ఉద్యోగికి పనిచేసే హక్కు ఉందో లేదో ప్రభుత్వ రికార్డులతో సరిచూసే వ్యవస్థ) ఉండటం తప్పనిసరి. అలబామాలో 2012 నుంచి ప్రైవేటు యజమానులందరికీ అది చట్టమే కాబట్టి ఆ గడప దాటినట్టే, అయినా అడిగి నిర్ధారించుకోండి. ఐ-983 శిక్షణ పథకం మీదా వాళ్లదీ సంతకాలతో ఉండాలి. మీ డిగ్రీకీ రోజువారీ పనికీ సంబంధం అందులో స్పష్టంగా రాయాలి. అసలు చిక్కు హెచ్-1బీ వర్క్ వీసా దగ్గర. ఈ ఉద్యోగానికి ఫలానా రంగంలో డిగ్రీ తప్పనిసరి అని కంపెనీ నిరూపించాలి. 'ప్రొడక్షన్ సూపర్‌వైజర్' హోదాలో అది కష్టం, ఎందుకంటే ఆ పనిలోకి లైను నుంచి ఎదిగినవాళ్లూ వస్తారు. టైమ్ స్టడీ, లైన్ బ్యాలెన్సింగ్, ప్లాంట్ లేఅవుట్, జిగ్‌ల డిజైన్ మీ పనుల జాబితాలో రాసి ఉంటే దారి తేలిక. ఆ కంపెనీ ఇదివరకు ఎవరికైనా హెచ్-1బీ చేయించిందా అన్నది అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ సైటులో హెచ్-1బీ యజమానుల డేటాలో కంపెనీ పేరుతో వెతికితే తెలుస్తుంది. ప్లాంటుకు పేరెంట్ కంపెనీ ఉంటే ఆ పేరుతోనూ వెతకండి. అసలెప్పుడూ చేయించని చోటైతే లాయరు ఖర్చు వాళ్లదేనని, మొదటి మార్చి నుంచే హెచ్-1బీ లాటరీ రిజిస్ట్రేషన్‌లో పేరు పెడతామని ఈమెయిల్‌లో రాయించుకోండి. నోటిమాట సరిపోదు.

ఈ పరిశ్రమకు ఎత్తుపల్లాలు గట్టివి. 1998లో దేశం మొత్తంమీద దాదాపు 3.7 లక్షల ఇళ్లు ఫ్యాక్టరీల నుంచి వెళ్లాయి. 2009కి అది 50 వేలకు పడిపోయింది. 2022లో 1.12 లక్షలు దాటి, వడ్డీరేట్లు పెరిగాక 2023లో 89 వేలకు దిగి, 2024లో మళ్లీ లక్ష దాటింది. కొనుగోళ్లలో చాలావాటికి భూమితో సంబంధంలేని, కారు అప్పులాంటి ఎక్కువ వడ్డీ రుణాలే ఆధారం. అందుకే వడ్డీ కదిలితే ఆర్డర్లు వెంటనే కదులుతాయి. చేతిలో ఎన్ని వారాల ఆర్డర్లు ఉన్నాయో అడగండి. రెండు మూడు వారాలే ఉంటే వారానికి నాలుగు రోజుల పని మొదలవడానికి దగ్గరగా ఉన్నట్టు. ఆపైన ఉద్యోగమే పోతే, ఓపీటీలో ఉన్నవాళ్లకు పనిలేని రోజులు 90 దాటకూడదు, స్టెమ్ పొడిగింపుతో కలిపి 150. కంపెనీ పెద్దదా చిన్నదా అన్నది కూడా ఇక్కడ లెక్కకొస్తుంది. మార్కెట్‌లో పెద్ద వాటా క్లేటన్, ఛాంపియన్, కావ్‌కో అనే మూడింటిదే. ఒక ప్లాంటు మూతపడినా ఇలాంటివాటిలో ఇంకో ప్లాంటుకు మారే దారి ఉంటుంది.

వచ్చే వారం షెడ్డులోకి తీసుకెళ్లినప్పుడు గైడు చూపించేది చూడండి, కానీ ముందు బయటి యార్డు చూపించమనండి. తయారై, చుట్టేసి, పంపడానికి నిలబెట్టిన ఇళ్లలో ఎన్నింటిలో ఇంకా మనుషులు నిచ్చెనలతో పనిచేస్తున్నారు? సగానికి పైగా అలా ఉంటే లైను పూర్తికాని ఇళ్లను బయటికి నెడుతోందన్నమాట. ఏదైనా ఒక ట్రావెలర్ చేతిలోకి తీసుకోండి. పది స్టేషన్ల సంతకాలూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఉంటే ఇంకేం అడగనక్కర్లేదు. క్వాలిటీ మేనేజరు ఎవరికి జవాబుదారీ అని అడగండి. ప్రొడక్షన్ మేనేజరుకే అయితే ఆయన "ఆపండి" అన్న మాట సాయంత్రం దాకా నిలవదు. ఐపియా ఇన్‌స్పెక్టరు ఈ మధ్య రెడ్ ట్యాగ్ (తప్పు సరిచేసేదాకా ఇంటిని ఆపే ఎర్ర చీటీ) దేనికి వేశారో, అది ఎన్ని గంటల్లో తీశారో అడగండి. సూటిగా చెప్పేవాళ్ల దగ్గర పనిచేయవచ్చు. "మాకు రెడ్ ట్యాగులే పడవు" అనేవాళ్లను ఇంకాస్త గుచ్చి అడగండి. మధ్యాహ్న భోజనవేళ లైనులో ఒకరిద్దరితో మాట్లాడే వీలిమ్మనండి. ఇంతకుముందు ఇదే ప్రాసెస్ ఇంజనీరు పనిలో ఉన్నవాళ్లు ఎందుకు వెళ్లారో వాళ్లకు తెలిసి ఉంటుంది.

ఊరి సంగతి రెండు ముక్కలు. ఈ ప్లాంట్లు చాలావరకు హేలీవిల్, డబుల్ స్ప్రింగ్స్, హామిల్టన్ వంటి చిన్న ఊళ్లలో, వాటి చుట్టుపక్కల ఉంటాయి. కారు లేకుండా కుదరదు. మనవాళ్లు, గుడి, భారతీయ సరుకులు కావాలంటే హంట్స్‌విల్‌కో బర్మింగ్‌హామ్‌కో గంట, గంటన్నర డ్రైవ్. అద్దెలు తక్కువ, అప్పు త్వరగా తీరుతుంది. నాన్నగారితో మాట్లాడేటప్పుడు ఈ లెక్క కూడా చెప్పండి: నెలకు అద్దె ఎంత, మిగిలేదెంత, అప్పు వాయిదా ఎంత. డేటా ప్లేటు ఫొటో ఒకటి తీసుకుని పంపండి. గాలి, మంచు, వేడి లెక్కలన్నీ ఒక్క కాగితంమీద చూస్తే మీది మేకుల పని కాదని ఆయనకే తెలుస్తుంది.

ప్లాంటు నచ్చితే, సంతకానికి ముందు మూడు కాగితాలు అడిగి తీసుకోండి: పనుల జాబితాతో కూడిన జాబ్ డిస్క్రిప్షన్, వాళ్ల వంతు నింపిన ఐ-983 ముసాయిదా, హెచ్-1బీ గురించి ఈమెయిల్. మూడూ చేతికొచ్చాక ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయరుకు చూపించండి. నిబంధనలు ఏటా మారుతున్నాయి కాబట్టి సీనియర్లు చెప్పినదాన్ని నమ్ముకోవద్దు. ఐ-983 మాట ఎత్తగానే "అదేంటి?" అని అడిగితే తప్పులేదు, చాలా ప్లాంట్లకు అది కొత్తే. వివరించి, వారం గడువివ్వండి. వారం తర్వాత కూడా "ముందు చేరు, తర్వాత చూద్దాం" అనే అంటే, ఎంత మంచి ప్లాంటైనా సరే, వద్దని చెప్పి ఇంకోచోట వెతుక్కోండి.